విడివిడిగా అరగంట

నూట ఎనిమిది జంటల్ని కలిపానని చెప్పాను. కోకాపేటలో ఒక అద్దాల భవనం ఇరవయ్యో అంతస్తులో, గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్న పందొమ్మిది మంది థెరపిస్టుల ముందు. అందరూ భార్యాభర్తల కౌన్సెలింగ్ చేసేవాళ్లే, పైస్థాయి శిక్షణ కోసం వచ్చారు. చాలామందిది మా కోడలి వయసు. చదువేమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ముక్తసరిగా చెప్పి కూర్చుంటున్నారు. నా వంతు వచ్చేసరికి నోరు ఊరుకోలేదు.

నూట ఎనిమిది అష్టోత్తరంలోంచి వచ్చిన అంకె. ఇంట్లో అదే అంకె వాడితే మా ఆవిడ వంకాయలు తరుగుతూ, "కిందటి నెల అరవై అన్నారుగా" అంది, తలెత్తకుండా. నిజానికి నా దగ్గరికి వచ్చిన జంటలే నలభై దాటవు. వాళ్లలో కలిసినవాళ్లు ఎందరో నాకు తెలియదు. మళ్లీ రాలేదంటే కలిసిపోయినట్టేనని నా పద్ధతి. జబ్బు తగ్గినవాడు డాక్టరు దగ్గరికి మళ్లీ ఎందుకొస్తాడు అనేవాణ్ణి. చచ్చినవాడు కూడా రాడన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

నేను ముప్పై మూడేళ్లు కార్మిక శాఖలో పనిచేశాను. యాజమాన్యానికీ యూనియన్‌కీ మధ్య కూర్చుని రాజీ కుదర్చడమే ఉద్యోగం. అక్కడ నేర్చుకున్న సూత్రం ఒక్కటే. ఎవరితోనూ విడిగా కప్పు టీ కూడా తాగకూడదు. తాగావా, రెండోవాడు నువ్వు అమ్ముడుపోయావంటాడు. ఇద్దర్నీ ఒకే గదిలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టు. వీణ్ణి ఒక మెట్టు దించు, వాణ్ణి ఒక మెట్టు దించు. కాగితం మీద సంతకం పెట్టించు. రిటైరయ్యాక దూరవిద్యలో కౌన్సెలింగ్ డిప్లొమా చేసి, మణికొండలో ఒక గది తీసుకుని బోర్డు పెట్టినప్పుడు ఈ సూత్రాన్ని వెంట తెచ్చుకున్నాను. ఐటీ పిల్లల పెళ్లిళ్లు సమ్మెల కంటే తేలికనుకున్నాను.

శిక్షణకి వెళ్లింది నేర్చుకుందామని కాదు. జంటలన్నీ అద్దాల భవనాల్లో సర్టిఫికెట్లు తగిలించుకున్నవాళ్ల దగ్గరికి పోతున్నాయి. నా బోర్డు మీద ఇంకో వరుస కావాలి. అంతే.

పదిహేను రోజులకోసారి శుక్రవారం నుంచి ఆదివారం దాకా తరగతులు. నడిపే సూపర్‌వైజర్ హనుమకొండ వైపు ఆవిడ. నలభై అయిదేళ్లుంటాయి, గొంతు పెంచదు. ప్రతివాళ్లూ తాము చేసిన ఒక సెషన్ వీడియో తేవాలి, ఆ జంట రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. దాన్ని అందరి ముందూ వేసి ముక్కముక్కగా చూస్తారు. మిగతావాళ్లు చెడిపోయిన సెషన్లు తెచ్చారు. అలా తెమ్మనే చెప్పారట. నేను మాత్రం నా కిరీటంలో మణి అనుకున్నదాన్ని తెచ్చాను.

ఆ జంట గురించి చెప్పాలి. గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఈసారి గొప్పకి పెంచడం కోసం కాదు. భర్త ఒక కంపెనీలో టీమ్ లీడ్. భార్యది హైటెక్ సిటీలో ఇంకో కంపెనీలో టెస్టింగ్ పని. ఉండేది మణికొండలో. అతని తల్లి అదే అపార్ట్‌మెంట్‌లో రెండంతస్తుల కింద. చిన్న మాట వస్తే చాలు, భార్య చెప్పకుండా మూసాపేటలో అన్నగారింటికి వెళ్లిపోతుందని అతని ఫిర్యాదు. ఆమె పెద్దగా ఏమీ చెప్పేది కాదు. నెమ్మదస్తురాలు అని రాసుకున్నాను. నాలుగు సిట్టింగుల్లో తేల్చేశాను. అయిదు షరతులతో ఒప్పందం రాసి ఇద్దరిచేతా సంతకం చేయించాను. మూడో షరతు: ఒకరి ఫోన్లు ఒకరికి దాపరికం లేకుండా ఉండాలి, తాళం ఉండకూడదు. నాలుగోది: ఆరు నెలలపాటు ఒకరి అనుమతి లేకుండా ఇంకొకరు తమవాళ్ల ఇళ్లకి వెళ్లకూడదు. ఇద్దరికీ సమానం కదా అని మురిసిపోయాను. అతనివాళ్లు మెట్లు దిగితే ఉంటారని, ఆ షరతు కట్టేసేది ఒక్కరినేనని నాకు తోచలేదు.

వీడియో పెట్టాను. సూపర్‌వైజర్ దాని శబ్దం పూర్తిగా తగ్గించేసింది. మాటలు తర్వాత విందాం, ముందు చూద్దాం అంది.

మాటల్లేకుండా చూస్తే అది వేరే సెషన్. సోఫాలో ఇద్దరూ పక్కపక్కన. అతని చెయ్యి సోఫా వీపు మీదుగా వచ్చి ఆమె మెడ వెనక ఆగింది. నేను నవ్వుతూ ఏదో అడుగుతున్నాను. ఆమె నోరు తెరుస్తుంది. అతని బొటనవేలు కదులుతుంది. ఆమె నోరు మూసుకుని నవ్వుతుంది. నేను రాసుకుంటాను. మళ్లీ అడుగుతాను. మళ్లీ వేలు, మళ్లీ నవ్వు. మూడోసారికి తరగతి గదిలో ఎవరో కుర్చీ జరిపారు. మేం మొత్తం నాలుగు నిమిషాలు చూశాం. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యలేదు.

అప్పుడు వీడియో శబ్దం పెంచింది. సరిగ్గా అక్కడ వినబడింది నా మాట: "అదిగో, ఆ చెయ్యి చూశారా? సగం వైద్యం ఆ చేతిలోనే ఉంది."

"సార్," అంది సూపర్‌వైజర్, "ఆమెతోని ఒక్కదానితోని ఎన్నిసార్లు మాట్లాడిండ్రు?"

ఒక్కసారి కూడా లేదన్నాను. నా సూత్రం వివరించాను, యూనియన్ నాయకుడి టీతో సహా. ఆవిడ ఓపిగ్గా విని, మొదటి రోజు చెప్పిందే మళ్లీ చెప్పింది. జంటని తీసుకునే ముందు ఇద్దర్నీ విడివిడిగా ఒక్కొక్క అరగంటైనా చూడాలి. ఇంట్లో భయం ఉందా అని ఆ అరగంటలో అడగాలి. ఉందంటే జంటగా కూర్చోబెట్టనే కూడదు. "ఇద్దర్ని కలిపి కూసోపెట్టినప్పుడు ఆమె ఒక మాటంటే, ఆ మాటకు ఇంటికి పోయినంక ఆమెనే జవాబు చెప్పుకోవాలె, సార్. మీరుండరు ఆడ."

అక్కడైనా ఊరుకోవాలా? ఊరుకోలేదు. వాళ్లిప్పుడు చిలకా గోరింకల్లా ఉన్నారని, ఉగాదికి ఇద్దరూ ఫోన్ చేసి కాళ్లకి దండం అన్నారని చెప్పాను.

"ఆమె గొంతు విన్నరా?"

విన్నానన్నాను. ఏమందని అడిగింది. నోటికొచ్చింది ఏదో అల్లబోయాను గానీ, నా పక్కన కూర్చున్న అమ్మాయి నా మొహంలోకి కాకుండా కింద నేలకేసి చూస్తోంది. అల్లిక అక్కడే తెగిపోయింది. టీ విరామంలో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను. ఫోనూ లేదు, దండమూ లేదు, నాలుగు నెలలుగా వాళ్ల సంగతే తెలియదు. ఆవిడ నన్ను తిట్టలేదు. ఒప్పందం ఫోటో ఉంటే చూపించమంది. చదివి, మూడో షరతు మీద వేలు పెట్టింది.

"ఇది రాసింది మీరే. ఇప్పుడు ఆమెకు ఫోన్ ఎట్ల చేస్తరు?"

ఆమె బాగుందో లేదో తెలుసుకునే దారిని నా చేత్తోనే మూసేశాను. ఇంటికి వెళ్లకూడదు, వెళ్తే ఆమె ఏదో చెప్పిందని భర్త అనుకుంటాడు. చివరికి సూపర్‌వైజర్ చెప్పినట్టే ఇద్దరికీ ఒకే సందేశం పంపాను. పాత జంటలందర్నీ ఒకసారి విడివిడిగా చూస్తున్నాం, ఎప్పుడు వీలవుతుంది అని. అయిదు నిమిషాల్లో అతని నుంచి జవాబొచ్చింది: అంతా బాగుంది అంకుల్, అవసరం లేదు. చివర చేతులు జోడించిన బొమ్మ. మరో రెండు నిమిషాలకి ఆమె ఫోన్ నుంచి వచ్చింది. అవే మాటలు, అదే బొమ్మ.

ఆ రెండు సందేశాల్నీ సూపర్‌వైజర్‌కి చూపించాను. ఆమె ఎప్పుడైనా ఎక్కడి నుంచైనా ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో ఆ ఆదివారమంతా నాకు నేర్పించారు. మాట్లాడే వీలుందా అని ముందు అడగాలి. సలహా ఇవ్వకూడదు. ఏం కావాలో అడగాలి. తోటి అమ్మాయి ఒకతె ఆమెలా నటించింది, నేను ఫోన్ ఎత్తాను. మూడుసార్లూ తప్పాను. మూడుసార్లూ నా నోట్లోంచి "సర్దుకు..." అనే సగం మాట వచ్చింది. "అంకుల్, మీరు ఫోన్ ఎత్తకపోతేనే నాకు మేలు" అంది ఆ అమ్మాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎక్కువసేపు కాదు.

మధ్యలో పదిహేను రోజులున్నాయి కదా, ఏమీ చెయ్యవద్దని మరీమరీ చెప్పారు. నేను బుద్ధిగా ఇంట్లో కూర్చున్నాను. అబద్ధం. ఒక మంగళవారం సాయంత్రం మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగి, ఆమె ఆఫీసు గేటు ఎదురుగా గంటన్నర నిలబడ్డాను. మెడలో ఐడీ కార్డుల పట్టీలు, వీపున బ్యాగులు, వందలమంది. ఒకే మనిషి మళ్లీ మళ్లీ బయటికి వస్తున్నట్టుంది. నాలుగుసార్లు నా ఎదురుగా కూర్చున్న మనిషి మొహం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదని అక్కడ తెలిసింది. అతని మొహం బాగా గుర్తుంది.

మూడో విడత శుక్రవారం, భోజనాల వేళ. చేతిలో పళ్లెం పట్టుకుని లిఫ్టుల దగ్గర నిలబడి ఉన్నాను. తెలియని నంబరు.

"నేనండీ. మణికొండ నుంచి నాలుగుసార్లు వచ్చాం మీ దగ్గరికి. ఇది ఆఫీసులో ఫ్రెండ్ ఫోను."

మాట్లాడే వీలుందా అమ్మా అని అడిగాను. అది ఒక్కటీ సరిగ్గా అడిగాను.

"కొంచెం గట్టిగా చెప్పండి. ఇక్కడ గోలగా ఉంది, పైగా ఎడమ చెవి ఇప్పుడు సరిగ్గా వినపడదు."

గట్టిగా అడిగాను. భోజన విరామం అయ్యేదాకా వీలుందంది. తనకి ఒక్కటే తెలుసుకోవాలని ఉందట. సందేశం అతను చెరిపేశాడు గానీ, ఒప్పందం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది, దాని కింద నా నంబరుంది. రోజూ చూస్తోంది కాబట్టి కంఠతా వచ్చేసింది.

"ఆరు నెలలు కాకుండా మా అన్నయ్య వాళ్లింటికి వెళ్తే కోర్టులో తప్పు నాదే అవుతుందటగా. దాని మీద మీ సీలు కూడా ఉంది. ఇంక ఆరు వారాలే కదండీ. ఆగమంటే ఆగుతాను."

ఆ సీలు సంగతి నేను శిక్షణలో ఎవరికీ చెప్పలేదు. సూపర్‌వైజర్‌కి చూపించిన ఫోటోలో కింది భాగం కత్తిరించాను. గుండ్రటి సీలు. మధ్యలో త్రాసు బొమ్మ, చుట్టూ నా పేరు, విశ్రాంత అధికారి అని. కోఠిలో చేయించుకున్నాను. సంతకాలయ్యాక నీలి సిరాలో అద్ది దబ్బున వేస్తే, ఇద్దరి మొహాల్లో ఒక గౌరవం కనబడేది.

ఆ కాగితం చెల్లదమ్మా అన్నాను, మెల్లిగా. చుట్టూ మనుషులున్నారు.

"ఏమన్నారండీ?"

"చెల్లదు."

"వినపడట్లేదండీ."

అప్పుడు అరిచాను. ఆ కాగితం చెల్లదు, ఆ సీలుకి విలువ లేదు, నాకు ఏ అధికారమూ లేదు, ఏ కోర్టూ దాన్ని పట్టించుకోదు, మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లవచ్చు. వరండాలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. పందొమ్మిది మందీ విన్నారు.

తర్వాత ఆమె అడిగింది, కోపంగా కాదు, తెలియక అడిగినట్టు.

"మరెందుకు వేశారండీ?"

"గొప్ప కోసం" అన్నాను. అది కూడా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మీకేం చెయ్యాలనుంది అని అడగాలని గుర్తొచ్చి అడిగాను. ఆఫీసు నుంచి అటే అన్నయ్య ఇంటికి వెళ్లిపోవాలని ఉందంది. అప్పటికే సూపర్‌వైజర్ నా పక్కకి వచ్చి చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చేశాను. పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అరగంట మాట్లాడింది. నేను బయటే నిలబడ్డాను. ఎవరో నా చేతిలోంచి పళ్లెం తీసుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె స్నేహితురాలితో కలిసి మూసాపేట చేరింది. సోమవారం పొద్దున ఆమె భర్త కాగితం పట్టుకుని నా మణికొండ గదికి వచ్చాడు. నాలుగో షరతు చదివి వినిపించాడు, ఇప్పుడు మీరేం చేస్తారు అంకుల్ అన్నాడు. ఆ కాగితానికి విలువ లేదని చెప్పాను. చాలాసేపు నన్నే చూశాడు. భయపడ్డాను. కానీ నా మీద చెయ్యి చేసుకోలేదు. మర్యాదగా తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. బయటివాళ్లతో అతను ఎప్పుడూ మర్యాదగానే ఉంటాడు.

ఆమె చెవిలో పొర చిరిగిందట. ఆపరేషన్ చేసినా వినికిడి మునుపటిలా రాదన్నారట. నేను రాసేందుకు ఆమె ఒప్పుకుంది గానీ, నాతో మాట్లాడ్డానికి ఒప్పుకోలేదు. ఎప్పుడు జరిగిందో సూపర్‌వైజర్ ద్వారా తెలిసింది. సంతకాలు పెట్టిన మూడో వారంలో, ఫోన్‌లో వదినతో ఏదో మాట్లాడిందని.

ఆ వారం నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. బంధువుల పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చుని, ఈ జంట గురించే చెబుతున్నాను. పేర్లు చెప్పలేదు, మిగతాదంతా చెప్పాను. ఆ చెయ్యి గురించి కూడా చెప్పాను. పక్కన కూర్చున్నాయన విస్తరి ముందే ఆగిపోయి, కూతురికీ అల్లుడికీ ఇవ్వడానికని నా నంబరు అడిగి తీసుకున్నాడు. వాళ్లు మూడుసార్లు వచ్చారు. ఒప్పందం రాశాను, సీలు వేశాను. మళ్లీ రాలేదు.

వాళ్లకి ఎలా కబురు చెయ్యాలో ఈ శుక్రవారం సూపర్‌వైజర్‌ని అడగాలి. వాళ్ల ఒప్పందం ఫోటో కత్తిరించకుండా పట్టుకెళ్తున్నాను.