గిలకలదిండి మొగలో నడుము లోతు

ఇరవై ఏళ్లు దాటినా, బందరు దగ్గరి గిలకలదిండి రేవు పేరు వింటే నాకు నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. సాయంత్రం ఉయ్యూరులో బావమరిది నిశ్చితార్థం పెట్టుకుని, సముద్రం చూద్దామని పొద్దున్నే మా ఆవిడను పడవ ఎక్కించింది నేనే. తిరిగి వస్తుంటే, ఒడ్డు కనిపిస్తుండగానే, సముద్రంలోంచి రేవులోకి మళ్లే మొగలో, పడవ నడిపే యేసోబు ఇంజను ఆపేశాడు.

“పోటు రావాలండీ. ఇప్పుడెళ్తే ఇసకలో కూర్చుంటాం.”

“మీకు టైమంటే లెక్కే లేదయ్యా!” అని అరిచాను. ఆలస్యం నా వల్లేనని తెలిసే అరిచాను.

“ఇంట్లోనూ ఇంతేనండీ ఈయన,” అంది మా ఆవిడ అతనితో.

యేసోబు నవ్వి, నా చేతికి ఒక వెదురుగడ ఇచ్చాడు. “తొందరున్నోళ్లే లోతు చూడాలండీ, మా పడవలో అదే రివాజు. గడ ఎంత తడిస్తే అంత, మీ ఒంటితో కొలిచి చెప్పండి.”

పడవ ముందున్న ఇసకమేట మీదికి గడ చాచి దింపి చూశాను. “మోకాలు,” అన్నాను చిన్నబోయి. పడవకు నడుము లోతు కావాలట. చాలాసేపటికి తొడ దాకా వచ్చింది. గడ మీద తడి పైకెక్కుతుంటే కోపం సంగతే మరిచిపోయాను. “నడుము!” అని కేకేయగానే ఇంజను మోగింది. రేవులోకి వెళ్తున్నంతసేపూ ముందు నిలబడి “నడుము! నడుము! ఛాతీ!” అని నేను అరుస్తుంటే, ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఉయ్యూరు బస్సుకు ఇంకా టైముంది.

దిగాక, అలా కోప్పడినందుకు ఏమీ అనుకోవద్దని యేసోబును అడిగాను.

“భలేవారే! ఇంజను మోతలో నెమ్మదస్తుల మాట నాకు వినపడి చావదండీ. మీలాంటోళ్లే కావాలి.”