మా ఇంటిపేరు ఎక్కడిదంటే

మా ఆయన గూడ్సు రైళ్ల మీద గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఇక ఇంటిపట్టున ఉంటారు, సాయంత్రాలు గవర్నర్‌పేటలో నా కొట్టుకు వచ్చి కాసేపు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, నేను లోపల గుడ్డ సర్దుకోవచ్చు అనుకున్నాను. నాది మ్యాచింగ్ సెంటరు. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్సు ఇస్తాం. ఆయన వచ్చారు, కూర్చున్నారు కూడా. కాని కళ్లు గల్లా మీద లేవు, ఫోను మీద ఉన్నాయి. ఆ ఫోనులో ఆయన తన ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటున్నారు.

ఆ ఇంటిపేరు వెబ్. వాళ్లది రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ముత్తాత ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి బెజవాడలో ఇంజను డ్రైవరుగా స్థిరపడ్డాడని మా మామగారు ఉన్నంతకాలం చెబుతూ ఉండేవారు. నేను పెడనలో మగ్గం నేసేవాళ్ల ఇంట్లో పుట్టాను. మా పెళ్లి రిజిస్టరాఫీసులో అయింది. మావాళ్లు కొన్నాళ్లు అలిగి, తర్వాత రాకపోకలు మొదలుపెట్టారు. ఈ ఊరే నా ఇంటిపేరుకి ఇంతవరకూ అలవాటు పడలేదు. "వెబ్ అంటే కంప్యూటర్ కోర్సులు చెబుతారా అండీ?" అని ఒకరు. "అది కాదు మేడం, ఇంటిపేరు చెప్పండి" అని కౌంటరులో కుర్రాడు. "మతం మారారా?" అని ఎదురింటావిడ. బ్యాంకులో దాన్ని ముందు రాశారు, గ్యాసు వాళ్లు వెనక రాశారు, ఆసుపత్రిలో అదే నా పేరనుకుని "వెబ్ గారూ, వెబ్ గారూ" అని హాలంతా వినపడేలా పిలిచారు. ఇవన్నీ ఒకెత్తు, మా అత్తగారు ఒకెత్తు. పెళ్లయిన కొత్తలో పులుసన్నం చేత్తో కలుపుకుని తింటుంటే ఆవిడ గొంతు సవరించుకుని, "మన ఇంటిపేరుకి కొన్ని పద్ధతులుంటాయమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చెంచాతో తిన్నాను.

ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉన్న వెబ్‌లంతా ఒకచోట చేరి తమ పేరు చరిత్ర రాసుకునే గుంపు ఒకటి ఫోనులో ఉందట. మా ఆయన అందులో చేరారు. ఒక పొద్దున నేను పెసరట్టు తిరగేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "వెబ్ అంటే ఏంటో తెలుసా? పాత ఇంగ్లీషులో నేతగాడు అని అర్థం" అన్నారు.

"అలాగా" అన్నాను.

ఒకప్పుడు ఇంగ్లండులో సామాన్యులకు ఇంటిపేర్లు ఉండేవి కావట. ఒకే ఊళ్లో ఒకే పేరుగలవాళ్లు ఎక్కువైపోయి, కమ్మరి ఫలానా, నేతగాడు ఫలానా అని పని పెట్టి పిలిచేవారట. ఆ పని పిల్లలు మానేసినా పేరు మాత్రం వదల్లేదు. నైరుతి మూల ఉన్ని బట్ట నేసే ఊళ్లుండేవి కాబట్టి వెబ్‌లు అక్కడే ఎక్కువ. యంత్రాలొచ్చి మగ్గాలు మూలపడ్డాక కొందరు మిల్లుల్లో చేరారు, కొందరు పటాలంలో చేరారు, కొందరు ఓడలెక్కి అమెరికా, ఆస్ట్రేలియా పోయారు. కొందరు రైళ్లు నడపడానికి మన దేశం వచ్చారు.

మొదటిసారి విన్నప్పుడు నాకూ బాగానే ఉంది. కాని ఫాల్సు కోసం వచ్చిన ఆడవాళ్లకి కూడా ఈ ఉన్ని బట్ట కథ మొదలుపెడితే ఏం చెయ్యను? ఒకావిడ ఆకుపచ్చ పట్టుచీర పట్టుకుని వచ్చి, ఆయన చెప్పేది మర్యాదకు వింటూ నిలబడి, చివరికి "మళ్లీ వస్తానండీ" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"నీకూ నాకూ అప్పుడే ముడి పడిందన్నమాట. నేతవాళ్ల పిల్ల నేతవాళ్లింటికే వచ్చింది" అని ఆయన మురిసిపోయారు. ఆ మాట మా నాన్నకి కూడా చెప్పాలని పెడన బయల్దేరదీశారు. మా నాన్న గుంట మగ్గంలోంచి చేతులు ఊతంగా పెట్టుకుని పైకి లేచి, నడుం నిలబెట్టుకోవడానికి గోడ పట్టుకుని, అంతా విన్నారు.

"మరి మీవాళ్లు నేత మానేశారా అల్లుడుగారూ?"

"ఎప్పుడో మానేశారు మావయ్యగారూ. మిల్లులొచ్చాక."

"మంచి పని చేశారు" అని మా నాన్న మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లిపోయారు.

మా ఆయన తగ్గలేదు. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని అక్కడి నుంచి బందరు తీసుకెళ్లారు. అక్కడ పాత దొరల సమాధులున్నాయి. తమ ముత్తాత ఎక్కడో ఒకచోట సమాధై ఉండాలి కదా అని ఆయన వాదన. మే నెల ఎండ. నేను గొడుగు వేసుకుని గోడ నీడలో నిలబడ్డాను. ఆయన జేబురుమాలు తడిపి రాళ్ల మీద మట్టి తుడుస్తూ ఒక్కొక్క అక్షరం చదివారు. ఎవరెవరో ఉన్నారు. వెబ్ లేడు. తిరుగుదారిలో గుడివాడ స్టేషను దగ్గర పాత క్వార్టర్లు చూద్దామన్నారు. అక్కడ క్వార్టర్లున్న చోట ముళ్లకంప ఉంది. చుట్టు తిరిగి హనుమాన్ జంక్షన్ చేరేసరికి పొద్దు వాలింది, నాకు తలనొప్పి పట్టుకుంది. లారీలు ఆగే హోటల్లో టీ చెప్పి కూర్చున్నాం.

"వచ్చేవారం రాజమండ్రి వెళ్దాం. అక్కడ కూడా సమాధులున్నాయట" అన్నారు.

"మీరు వెళ్లండి. నేను రాను."

"అదేంటి?"

"రాళ్లని అడిగే బదులు మనుషుల్ని అడగొచ్చుగా. అత్తయ్యా మావయ్యా పోయినా, మైలవరంలో మీ మేనత్త లక్షణంగా బతికే ఉంది."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. "ఆవిడ మావాళ్లలో కలవదు. నాన్నకీ ఆవిడకీ మాటల్లేవు. తెలుగు మాస్టార్ని చేసుకుని మా పేరే వదిలేసింది. ఆవిడకేం తెలుసు?"

"అడిగితే కదా తెలిసేది. అడగనంటే రేపటి నుంచి కొట్లో ఆ ఊసెత్తకండి. బేరాలు పోతున్నాయి."

బేరాల మాట పనిచేసిందో, నా తలనొప్పి చూసి జాలిపడ్డారో తెలియదు. ఆ ఆదివారం మైలవరం వెళ్లాం.

ఆవిడ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎనభై దాటినా వెన్ను వంగలేదు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. వరండాలో కుర్చీలు వేసి, మజ్జిగ ఇచ్చి, మా ఆయన చెప్పేదంతా విన్నారు. నేతగాళ్లు, ఉన్ని, ఓడలు, బందరు సమాధులు, అన్నీ. విని, "మీ నాన్న నీకు చెప్పలేదురా?" అన్నారు.

"ఏం చెప్పలేదత్తయ్యా?"

"మీ తాత, అంటే మా నాన్న, కొల్లేటి పిల్లాడు. ఇంగ్లీషువాళ్ల బిడ్డ కాదు."

ఆవిడ ఆసుపత్రిలో రోగం పేరు చెప్పినట్టు నిదానంగా, ఎక్కువా తక్కువా కాకుండా చెప్పుకుంటూ పోయారు. వాళ్ల నాయనమ్మ కొల్లేటిలో పట్టిన చేపలు బుట్టలో పెట్టుకుని, ఏలూరులో రైలెక్కి బెజవాడ క్వార్టర్లలో అమ్మేదట. చంకలో పసివాడు. ఒకసారి జ్వరం తగిలి బెజవాడలోనే పోయింది. పిల్లాడి కోసం ఎవరూ రాలేదు. ఎప్పుడూ ఆవిడ దగ్గర చేపలు కొనే డ్రైవరు దొరకీ దొరసానికీ పిల్లల్లేరు. ఉంచుకున్నారు. చర్చిలో బాప్తిస్మం ఇప్పించి తమ పేరే పెట్టారు. బూట్లు తొడిగారు, ఇంగ్లీషు నేర్పారు.

"మరి తర్వాత?"

"తర్వాత దొర రిటైరయ్యాడు. వాళ్ల దేశం వెళ్లిపోయారు. మా నాన్నని తీసుకెళ్లలేదు. షెడ్డులో ఇంజనుకి బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉద్యోగం వేయించి వెళ్లారు. ఆ పేరుంది కాబట్టి ఉద్యోగం తేలిగ్గా వచ్చింది. కొన్నాళ్లు ఉత్తరాలొచ్చేవని అనేవాడు. తర్వాత అవీ లేవు."

"నాన్నకి తెలుసా ఇదంతా?"

"నాకంటే బాగా తెలుసు. మా నాన్న పోయినప్పుడు మీ నాన్న వచ్చినవాళ్లందరికీ మాది ఇంగ్లండు వంశం అని చెబుతుంటే నాకు ఒళ్లు మండి, మా నాయనమ్మ చేపలమ్మేదని నలుగురిలో అనేశాను. అప్పటి నుంచి మాటల్లేవు. నువ్వు చిన్నపిల్లాడివి, మీ అమ్మ అప్పుడక్కడే ఉంది. ఆవిడకీ తెలుసు."

అంతసేపూ నేను మా ఆయన వైపు జాలిగానే చూస్తున్నాను. ఈ చివరి మాటతో జాలి కాస్తా పోయింది.

"మా అత్తగారికి తెలుసా పిన్నిగారూ?" అన్నాను.

"తెలియకేం అమ్మాయ్."

తిరుగుదారిలో కొండపల్లి దాటాం. ఇబ్రహీంపట్నంలో లారీల వెనక ఆగినప్పుడు, "నువ్వేమీ అనవేంటి?" అన్నారు.

"ఏమనాలి? ఇన్నేళ్లూ చెంచాతో తిన్నాను. ఎందుకు తిన్నానా అని ఆలోచిస్తున్నాను."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇంటికొచ్చి పడుకున్నారు. తర్వాత చాలా రోజులు కొట్టుకి రాలేదు, ఫోను ముట్టుకోలేదు. హాల్లో వాళ్ల నాన్న ఫొటో ఉంటుంది, టై కట్టుకుని ఉన్నది. దాని ఎదురుగా కూర్చుని పేపరు తిరగేసేవారు. ఇంటిపేరు గోల పోతే చాలని కోరుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దం ఇంకా విసుగనిపించింది. నాలుగు మాటలు తిడదామంటే, మనిషి ఎదురు మాట్లాడితే కదా.

చివరికి ఆయనే ఒక పొద్దున గుంపులో ఉన్నది ఉన్నట్టు రాసేశారు. కొందరు రెండు మంచి మాటలు రాశారు. ఒక పెద్దమనిషి మాత్రం, మీ కథ చాలా ఆసక్తిగా ఉంది, అయితే మీరు వెబ్ కుటుంబానికి చెందినవారు కారన్నమాట, అని ఎంతో మర్యాదగా రాశాడు. మా ఆయన నాకు అది చదివి వినిపించి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నాకు ఆ పెద్దమనిషి మీద వచ్చినంత కోపం మా అత్తగారి మీద కూడా రాలేదు.

"వాడెవడండీ తేల్చడానికి?" అన్నాను.

"నిజమేగా రాశాడు" అన్నారు ఆయన. "నేనూ అదే అనుకుంటున్నా. మనది కాని పేరు మనకెందుకు? మా తాత అసలు ఇంటిపేరు కనుక్కుని, గెజిట్‌లో వేయించి, మార్చేసుకుందాం."

నా చేతిలో పప్పుగరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టేసి హాల్లోకి వచ్చాను.

"మీరు మార్చుకోండి. నేను మార్చుకోను. ఆధార్ ఈ పేరు మీద ఉంది, కొట్టు లైసెన్సు ఈ పేరు మీద ఉంది, బ్యాంకు వాళ్లు ముందు రాసినా వెనక రాసినా ఈ పేరే రాశారు. కనపడ్డవాళ్లందరికీ దీని సంజాయిషీ చెప్పింది నేను, మీరు కాదు. మిమ్మల్ని రైల్వేలో ఎవరూ అడగలేదు. మీ తాతకి ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో నాకనవసరం. ఇది నా పేరు. ఆ పెద్దమనిషికి కావాలంటే వచ్చి నా దగ్గర తీసుకోమనండి."

ఆయన వంటింటి వైపు తిరిగి ముక్కు ఎగబీల్చారు. తర్వాత, "పప్పు మాడుతున్నట్టుంది" అన్నారు. నిజంగానే మాడింది. ఆ మధ్యాహ్నం మాడిన పప్పే తిన్నాం, ఇద్దరం చేత్తోనే. గెజిట్ మాట మళ్లీ ఎత్తలేదు.

వెతుకులాట ఆగిందని మాత్రం అనుకోవద్దు. ఇప్పుడాయన ఇంగ్లండు వదిలి కొల్లేరు పట్టుకున్నారు. ఆదివారం వచ్చిందంటే తెల్లవారకముందే లేపి, కైకలూరు వైపు చేపల ఊళ్లకు కారు తిప్పుతారు. పట్టుకోవడానికి ఆధారం ఒక్కటీ లేదు. పేరు తెలియదు, ఊరు తెలియదు. జ్వరంతో పోయిన మనిషి, ఎవరూ రాని పసివాడు. మేనత్తని మళ్లీ అడిగితే, "తెలిస్తే అప్పుడే చెప్పేదాన్ని కదరా" అన్నారు.

మొన్న వెళ్లినప్పుడు రోడ్డు పక్కన సంతలో నేను కొర్రమీను బేరమాడుతున్నాను. అమ్మేది నా వయసు మనిషే. చేపని కత్తిపీట మీద పెట్టి, మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "మీరెవరి తాలూకు అండీ? ఈ ఊరోళ్లలా లేరు" అంది.

ఆ ప్రశ్న కోసమే ఆయన అన్ని ఆదివారాలు తిరిగారని ఆ ముఖం చూస్తే తెలిసింది. నేను కళ్లతో వద్దని సైగ చేశాను. ఆయన చూడలేదు. పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అది పెద్ద కథ అండీ. ఇంగ్లండులో నైరుతి మూల ఉన్ని బట్టలు నేసే ఊళ్లుండేవి" అని మొదలుపెట్టారు.

ఆవిడ కత్తిపీట మీద చెయ్యి అలాగే ఉంచేసి, "ఆహా, ఆ తర్వాత?" అంది. పక్క గంపలావిడ కూడా ముందుకు జరిగింది. ఎండ ఎక్కుతోంది, చేప కింద మంచు కరిగి నా చెప్పుల మీదికి కారుతోంది. ముందు ఆ చేప కొయ్యనివ్వండి అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. తాళం తీసుకుని కారులో కూర్చుని చూస్తూ ఉన్నాను. చేతులు తిప్పుతూ చెబుతున్నారాయన, మగ్గం ఎలా ఆడుతుందో చూపిస్తున్నారు కాబోలు. కథ ఇంకా ఇంగ్లండు దాటినట్టు లేదు.