బాబిన్ అడుగున ఎర్ర దారం

కొత్త కుట్టు మిషన్ కొన్నానని, కింది దారం మాటిమాటికీ చిక్కుపడుతోందని మీలో పెద్దది ఫోన్లో చెప్పింది. ఆ కింది దారం చుట్టే బాబిన్ ఎలా చుట్టావే అని అడిగితే, "ఉన్నదాని మీదే చుట్టేశా అవ్వా" అంది. నాకు ప్రాణం విసిగిపోయింది. సరిగ్గా ఆ పని మీదే నేనొక పూటంతా మా అత్తతో వేగాను. వినండి, మీ అందరికీ కలిపి చెబుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. పెళ్లయి ప్రొద్దుటూరికి కాపురానికి వచ్చాను. ఇంట్లో చేత్తో తిప్పే కుట్టు మిషన్ ఉండేది. దానికి ఉన్నది ఒకటే బాబిన్. మా అత్త, అంటే మీ తాత వాళ్లమ్మ, ఇంట్లో ఏదీ అడుగంటా ఖాళీ కానిచ్చేది కాదు. బియ్యం కొలిచే పడిలో నాలుగు గింజలు మిగలాలి, ఉప్పు జాడీలో పిడికెడు ఉప్పు మిగలాలి. బాబిన్‌కూ అదే నియమం. ఉన్న దారం అయిపోకముందే దాని మీద ఇంకోటి చుట్టేది. అలా చుట్టీ చుట్టీ దాని కడుపంతా పాత దారాలే. కొత్తది పట్టేది నాలుగు వరసలు.

ఎదురింటి అమ్మాయికి జమ్మలమడుగు ఆస్పత్రిలో నర్సు చదువుకు చోటు దొరికింది. రెండు తెల్ల రైకలతో ఆ సాయంత్రానికి అక్కడ ఉండాలి. మూడు గంటల బస్సు తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. బజార్లో దర్జీ వారం ఆగమన్నాడట. పొద్దున్నే గుడ్డ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

పైన కుట్టు తెల్లగా, ముచ్చటగా పడుతోంది. ఒక రైకకు పక్కకుట్లు రెండూ వేసి తిప్పి చూస్తే, బాబిన్ మీది తెల్లది అయిపోయి, సగం నుంచి కింది కుట్టంతా ఎర్ర దారం.

"లోపలిపక్కే కదమ్మే, ఎవరు జూస్తారు?" అంది మా అత్త, చింతపండులో గింజలు తీస్తూ.

ఎదురింటి అమ్మాయి ముఖం మాడిపోయింది. "ఆడ గుడ్డలన్నీ ఉడకేస్తారంట పెద్దమ్మా. ఎర్ర రంగు దిగితే ఇంగ తెల్ల రైక యాడుంటాది?"

"అట్లయితే ఎర్రది అయిపోయేదాకా పాతగుడ్డ మీద కుట్టండి."

"దాని కింద పచ్చది కనపడతాంది. దాని కింద ఏముందో నాకు తెలీదత్తా," అన్నాను. "మొత్తం తీసేసి మళ్లా చుట్టాల."

"ఖాళీ జేస్తావా? శానా మంచిది. అట్లనే బియ్యం పడి గూడా బోర్లించిపో."

నేను గొంతు పెంచే మనిషిని కాను. పెంచి ఉంటే తొందరగా తేలేదేమో. పారేయనత్తా, పుల్లకు చుట్టి నీకే ఇస్తానని బతిమాలాను. ఒప్పుకుంది గానీ, తానే చుడతానంది. పోగు తెగకూడదట. ముడి వచ్చిన ప్రతిచోటా ఆగి, కళ్ల దగ్గరికి తెచ్చుకుని, గోటితో విప్పుతుంది.

"ఇది మీ మామ పంచె చినిగితే ఏసింది. ఈ నల్లది నీ మొగుడు బడికి పోయేటప్పటి నిక్కరుది."

"అత్తా, బస్సు పోతాది."

"బస్సు పోతే రేపొస్తాది. దారం తెగితే వస్తాదా?"

ఎదురింటి అమ్మాయి ఎర్ర కుట్టు ఒక్కొక్కటే విప్పుతోంది. కన్నీళ్లు తెల్లగుడ్డ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది. మా అత్త చేయి ఆగింది. కాసేపు ఆ పిల్లను చూసి, కత్తెర అందుకుని, మిగిలిన దారాలన్నీ ఒక్క కోతకు తెంపేసింది.

"నన్ను జూస్తావేంది? బిన్నా చుట్టు, బస్సు పోతాది."

బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆడకూడదని చక్రం నడుమనున్న మర వదులు చేశాను. మిషన్ ఊడిపోతుందని ఆమె బిగించింది. నేను మళ్లీ వదులు చేశాను, ఆమె మళ్లీ బిగించింది. చివరికి దారం రీలు పట్టుకోమని ఆమె చేతుల్లో పెట్టాను. చేతులకు పని దొరికాక గానీ నా పని సాగలేదు. ఉత్త బాబిన్ మీద తెల్ల దారం బిగువుగా, వరసగా పడింది. ఆ తర్వాత రెండు రైకలూ ఎక్కడా ఆగకుండా కుట్టాను. హుక్కులు బస్సులో కూర్చుని కుట్టుకుంటానని సూదీ దారం పట్టుకుని ఆ పిల్ల పరుగెత్తింది. బస్సు అందింది.

నెల తర్వాత సెలవుకి వచ్చినప్పుడు ఎట్లున్నాయని అడిగాను. ఎన్నిసార్లు ఉడకేసినా తెల్లగానే ఉన్నాయట.

"చంకల కాడ మాత్రం బిగుతక్కా. చెయ్యెత్తితే ఊపిరాడ్డంలే," అంది.

ఆ కొలతలు తీసింది నేను కాదు, మా అత్త.