సాలిస్‌బరీ వంతెన నడిచి దాటాం

ముప్పై ఎనిమిదో ఏట, ట్రాయ్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో నాకు సైకిల్ నేర్పింది సునీత. మా ఆఫీసే, వరంగల్ అమ్మాయి. పడకుండా పది మైళ్లు తొక్కిన రోజున "ఇగ లాంగ్ ట్రిప్ ప్లాన్ చెయ్" అంది. దారి పొడవునా బోర్డులు, మైలురాళ్లు ఉండే మార్గం కోసం వెతికి, పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా పాత రైలుకట్ట మీద వేసిన గ్రేట్ అలెగెనీ పాసేజ్ ఎంచుకున్నాను. నూట యాభై మైళ్లు, మూడు రోజులు. కార్లు రావు, టికెట్ లేదు. కానెల్స్‌విల్‌లో ఒక రాత్రి, రాక్‌వుడ్‌లో ఒక రాత్రి బస. రూమ్ నూట ముప్పై డాలర్ల లోపే దొరికింది. ఒక్క సంగతి మాత్రం సునీతకు చెప్పలేదు. మూడో రోజు దారిలో లోయ మీద నూరడుగుల ఎత్తున సాలిస్‌బరీ వంతెన ఉంది. ఎత్తంటే నాకు భయం.

ఆ రోజు ఏడున్నరకు రాక్‌వుడ్‌లో బయలుదేరాం. నది పక్కనే చల్లగా సాగింది దారి. తొమ్మిది కాకముందే చెట్లు పక్కకు తొలగి, ఎదురుగా ఆ ఇనుప వంతెన. బ్రేక్ వేసి దిగిపోయాను.

"ఏమైందే?"

"నా వల్ల కాదు సునీతా. నేను వెనక్కి వెళ్లిపోతాను."

"ఇది ఉన్నదని నీకు ముందే ఎర్కనా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను.

"ఎర్కుండి బుక్ చేసినవంటే దాటాలనే కదా! నడుద్దాం పా."

సైకిళ్లు తోసుకుంటూ వెళ్లాం. నా చూపు ముందు చక్రం మీదనుంచి లేవలేదు. సగం దూరంలో, కమ్మీ దగ్గర ఫ్లాస్క్‌తో నిలబడ్డ ఒక ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. "కింద పట్టాల మీద గూడ్సు వస్తోంది, చూసి వెళ్లండి. నేను రోజూ వస్తాను, ఇంకా తనివి తీరలేదు" అన్నాడు ఇంగ్లీషులో.

కూత వినబడగానే తెలియకుండానే కమ్మీ పట్టుకుని కిందికి చూశాను. మా కాళ్ల కింద బండి పోతూనే ఉంది. దాని పక్కన నది, పొలాలు, దూరంగా కొండ అంచున తిరిగే గాలిమరలు. ఇంత లోకం ఒకేసారి కళ్లలో పట్టదు. చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. బండి పోయాక కూడా అక్కడే నిలబడ్డాను. చివరికి సునీతే "ఇగ పోదామా?" అంది.

మధ్యాహ్నం బిగ్ సావేజ్ సొరంగం దాటగానే వరసలు వరసలుగా నీలి కొండలు. అక్కణ్ణుంచి కంబర్లాండ్ దాకా అంతా దిగుడే, నాలుగింటికి చేరాం.

భయం పోయిందని చెప్పను. కానీ అది నాతో ఉండగానే లోయ చూశాను, అది చాలు. వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: చలికాలంలో ఆ సొరంగం మూసేస్తారు. రూములు బుక్ చేసేముందు తెరిచారో లేదో కనుక్కోండి.