కార్డు మా తోడికోడలి చేతికే

మా తోడికోడలు పద్మప్రియ మంచిది కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క సాక్ష్యం కూడా లేదు. ఉంటే ఈపాటికి పెంటపాడంతా చాటి ఉండేదాన్ని. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఏనాడూ నన్ను ఒక మాట అనలేదు. "అక్కా" అని పిలుస్తుంది, "అండీ" లేకుండా మాట్లాడదు. అయినా తనంటే నాకు కుళ్ళు. అందానికో, తను పక్కనే ఉన్న గూడెంలో బడికెళ్ళి పాఠాలు చెప్పి జీతం తెచ్చుకుంటున్నందుకో కాదు. ఆ కుళ్ళంతా హోటల్లో అడుగుపెట్టాకే మొదలవుతుంది.

మా ఇంట్లో హోటలుకి వెళ్ళడమంటే చిన్న విషయం కాదు. మా మావయ్యగారు భీమశంకరంగారికి పొలం తర్వాత భోజనమంటేనే మహా ఇష్టం. సార్వా కోతలయ్యాక ఒకసారి, దాళ్వా కోతలయ్యాక ఒకసారి, మధ్యలో ఏ యాత్రకో పెళ్ళికో బయల్దేరినప్పుడు దారిలో, అందరం కలిసి మంచి హోటలు చూసుకుని కూర్చోవాల్సిందే. మావయ్యగారు, అత్తగారు, మా ఆయన భాస్కరరావు, మా మరిది దుర్గాసాయి, వాడి పెళ్ళాం ఈ ప్రియ, నేను, మా అమ్మాయి తేజస్వి. ఏడుగురికి రెండు బల్లలు దగ్గరికి జరిపిస్తారు. సర్వరు మెనూ కార్డు తెచ్చి మావయ్యగారి ముందు పెడతాడు. ఆయన దాన్ని తెరవనైనా తెరవరు. నేరుగా ప్రియ వైపు తోసి, "నువ్వు చెప్పమ్మా" అంటారు.

పెద్దకోడల్ని నేను. ఇంటికొచ్చి పదిహేనేళ్ళయింది. మొదటి నాలుగేళ్ళూ ఆ కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదు. మా ఆయనే అందరికీ భోజనాలు చెప్పేసేవారు, తినేసి వచ్చేసేవాళ్ళం. ప్రియ వచ్చాక మొదటిసారి ఏలూరులో ఒక హోటలుకి వెళ్ళినప్పుడు తనేదో చెప్పింది, అందరికీ నచ్చింది. అంతే, ఆ రోజు నుంచి కార్డు తన సొంతమైపోయింది.

తను పుట్టింది, పెరిగింది ఏలూరులోనే. వాళ్ళ నాన్నగారు ఆదివారమొస్తే పిల్లల్ని ఏదో ఒక హోటలుకి తీసుకెళ్ళేవారట. మాది జంగారెడ్డిగూడెం అవతల, పొగాకు పండించే ఇల్లు. మా చిన్నప్పుడు హోటల్లో తినడమంటే ఇంట్లో ఎవరికో బాగోలేక ఆస్పత్రికి వెళ్ళినట్టు లెక్క. ఇడ్లీ పొట్లం విప్పితే మందుల వాసన వచ్చేది. అలాంటి దాన్ని నేను, ఆదివారం పూట ముస్తాబై బిరియానీకి వెళ్ళిన పిల్లతో ఎక్కడ సమానమవుతాను?

ప్రియ పద్ధతి చెబుతాను వినండి. ముందు కార్డు చూడదు. చుట్టూ బల్లల మీద ఎవరేం తింటున్నారో చూస్తుంది. ఎవరి ప్లేటు ఖాళీ అయిందో, ఎవరు సగం వదిలేశారో చూస్తుంది. తర్వాత సర్వరుతో మెల్లగా, "ఏవండీ, ఇవాళ పొద్దున్నుంచీ ఏది ఎక్కువ పోతోందండీ?" అని అడుగుతుంది. అతను కార్డులో లేనిది కూడా చెప్పేస్తాడు. విజయవాడలో ఉలవచారు అలాగే వచ్చింది. రామేశ్వరం వెళ్తూ మదురైలో దిగినప్పుడైతే భాష కూడా రాదు, పక్కబల్ల దగ్గర ఒక ముసలాయన తింటున్న ఆకు వేలితో చూపించి అడిగింది. ఉస్తికాయల పులుసు. మావయ్యగారు ఇప్పటికీ పొలం గట్టు మీద నిలబడి ఎవరితోనో చెబుతుంటారు, "మదురైలో మా చిన్నమ్మాయి తినిపించింది చూడండీ, ఆ పులుసు" అని. రామేశ్వరంలో దేవుణ్ణి చూసిన సంగతి మర్చిపోయారు కానీ ఆ పులుసు మర్చిపోలేదు.

రోజూ మూడు పూటలా వండి పెట్టేది నేను. నా గుత్తివంకాయ గురించి, నా గోంగూర గురించి ఎవరూ ఏ గట్టు మీదా చెప్పరు. తింటారు, చెయ్యి కడుక్కుంటారు.

నేనూ ప్రయత్నించకపోలేదు. రాజమండ్రిలో ఒకసారి ప్రియ నోరు విప్పేలోపు సర్వరుని పిలిచి, "ఏది బాగుంటుందండీ?" అని అడిగాను. "అన్నీ బాగుంటాయండీ" అన్నాడు. నా వంతుకొచ్చేసరికి ఆ ముక్కేనా! దాంతో ఒళ్ళు మండి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రియ అందరికీ ఏది చెబితే అది నేను తినను. నాకు వేరే. తను బిరియానీ అంటే నేను రొట్టెలు. తను ఆకు భోజనం అంటే నేను గోబీ మంచూరియా. ఆ మంచూరియా ఎలా ఉందనుకున్నారు? నూనె కారుతూ ఎర్రటి ముద్దలు, నోట్లో పెడితే పిండి. ఎవరూ ముట్టలేదు. "ఎంత బాగుందో" అంటూ పన్నెండు ముద్దలూ నేనే తిన్నాను. ప్రియ తన గిన్నె నా వైపు జరిపి, "కొంచెం ఇది కూడా చూడండి అక్కా" అంది. నాకొద్దన్నాను. వాసనకి నోట్లో నీళ్ళూరుతుంటే మింగుతూ వద్దన్నాను.

ఈ ఏడాది దాళ్వా కోతలయ్యాయి. మావయ్యగారు ఎప్పట్లాగే, "ఎక్కడికెళ్దామమ్మా ప్రియా?" అన్నారు. తను జవాబు చెప్పేలోపు నేను వంటగదిలోంచి గరిటెతో సహా బయటికొచ్చి, "ఈసారి నేను చెబుతానండీ మావయ్యగారూ" అన్నాను. అందరూ ఒక్క క్షణం నా గరిటె వంక చూశారు. "సరే, అలాగే కానీ" అన్నారాయన.

కొల్లేరు గట్టు మీద ఒకావిడ పాక హోటలు నడుపుతుందని, ముందురోజు ఫోన్ చేస్తే పట్టిన కొర్రమీను పట్టినట్టే పులుసు పెడుతుందని మా పాలావిడ చెప్పగా విన్నాను. అక్కడికి ప్రియ ఎప్పుడూ వెళ్ళలేదు. కార్డు ఉండదు, సర్వరు ఉండడు. నేను ఫోన్లో చెప్పిందే వస్తుంది. ఇంతకంటే నాకేం కావాలి? ఫోన్ చేశాను.

"ఆదివారమా అండీ?" అని అడిగింది ఆ హోటలావిడ.

"కాదండీ. శనివారం వస్తాం" అన్నాను.

శనివారం ప్రియ నీచు ముట్టదు. దుర్గాసాయికి జ్వరమొచ్చి గూడెం ఆస్పత్రిలో ఉన్నప్పుడు వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది, ఆరేళ్ళుగా తప్పలేదు. మా ఇంట్లో మిగతావాళ్ళకి వారాల పట్టింపు లేదు. అందుకని వాళ్ళకి గుర్తుండదు. నాకు గుర్తుంది. శనివారం చేపల కూర వండితే తనకి వేరే గిన్నెలో పప్పు తీసి పక్కన పెట్టేది నేనే కదా. తెలియక చేశానని మీకు చెప్పొచ్చు, ఎవరూ కాదనరు. కానీ తెలిసే చేశాను. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఆ బల్ల దగ్గర తన మాట వినపడకూడదు. అందరూ తిని, "ఇది వెంకటలక్ష్మి చెప్పిన భోజనం" అని నా పేరు చెప్పుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

శనివారం పొద్దున్నే కారు మాట్లాడుకుని గణపవరం మీదుగా బయల్దేరాం. దారి పొడవునా చేపల చెరువులు. ప్రియ కిటికీ దగ్గర కూర్చుని తేజస్వికి కొంగల్ని చూపిస్తోంది. వారం సంగతి ఎత్తలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. చేప నోట్లో పెట్టుకున్నాక గుర్తొస్తే ఎంత పాపం అని ఒకసారి భయం కూడా వేసింది. అయినా నోరు మెదపలేదు.

పాకలో రెండు బల్లలు. గాలి బాగా వస్తోంది. ఆకులు వేసి, పొగలు కక్కే అన్నం పెట్టి, హోటలావిడ మట్టి దాకతో పులుసు తెచ్చింది. ఆ వాసనకే మావయ్యగారి మొహం విప్పారింది. కొర్రమీను ముక్కలు ఒక్కటి కూడా విరగలేదు, పులుసు మీద నూనె తేలి నిలబడింది. ఆవిడ ప్రియ ఆకు దగ్గరికి రాగానే తను చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దండీ. మజ్జిగుంటే చాలండీ."

అప్పుడు గుర్తొచ్చింది అత్తగారికి. "అయ్యో, ఇవాళ శనివారం కదే! ఇది తినదు కదా!"

అందరి చేతులూ ఆగిపోయాయి. మా ఆయన నా వైపు తిరిగారు. ఆయనకి కోపమొస్తే గొంతు తగ్గుతుంది. "నీకు తెలీదా వెంకటలక్ష్మీ?" అన్నారు మెల్లగా.

తెలీదని ఒక్క అబద్ధం ఆడడం కూడా నాకు చేతకాలేదు.

"అక్క నన్నడిగారండీ బావగారూ" అంది ప్రియ. "నేనే శనివారం పెట్టమన్నానండీ. ఆదివారమైతే ఇక్కడ కూర్చోడానికి చోటుండదట. నా ఒక్కదాని కోసం అందరూ ఇబ్బంది పడడం ఎందుకండీ?"

నేను అడగలేదు. తను చెప్పలేదు. అంత తేలిగ్గా, తడుముకోకుండా అబద్ధమాడింది. అందరూ నమ్మేశారు, చేతులు మళ్ళీ కదిలాయి.

హోటలావిడ మాత్రం ఊరుకోలేదు. "మొక్కు మనిషిని మజ్జిగతో పంపిస్తానా అమ్మా" అంటూ పాక వెనక వేరే పొయ్యి రాజేసి, కొత్త గిన్నె తీసి మామిడికాయ పప్పు పెట్టింది. ఇంగువ పోపు, పైన నెయ్యి, పక్కన గుమ్మడి వడియాలు. పదిహేను నిమిషాల్లో తెచ్చి ప్రియ ఆకులో వేసింది. అప్పటికి మేం సగం తిన్నాం. మావయ్యగారు, "చేప అద్భుతంగా ఉందమ్మా వెంకటలక్ష్మీ" అన్నారు. పదిహేనేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట. అన్నారు కానీ, ఆయన చూపు ప్రియ ఆకు మీద ఉంది. మరుక్షణం, "ఆ పప్పు ఒక గరిటె ఇటు కూడా వెయ్యమ్మా" అని హోటలావిడని పిలిచారు. తర్వాత అత్తగారు అడిగారు. తర్వాత మా మరిది.

నేను తల వంచుకుని ముల్లు తీసుకుంటుంటే పక్కన ఖాళీ అయినట్టనిపించింది. చూస్తే తేజస్వి లేదు. ప్రియ పక్కన బల్ల చివర కూర్చుని పిన్ని ఆకులోంచే పప్పన్నం తింటోంది. దాని ఆకులో కొర్రమీను ముక్క ముట్టకుండా ఉంది.

"చేప తినవే?" అన్నాను.

"పిన్ని ఒక్కత్తే వేరేగా తింటోందమ్మా" అంది నా కూతురు.

మామగారి మెప్పు పోతే పోయింది. నా కడుపున పుట్టింది కూడా లేచి అటు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏం తిన్నానో నాకు తెలియదు.

చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్తే ప్రియ వెనకే వచ్చింది. ఇక ఆగలేక అడిగేశాను. "ఎందుకు అబద్ధం చెప్పావు? నేను కావాలనే శనివారం పెట్టానని నీకు తెలీదా?"

"తెలుసండీ" అంది. కుళాయి కింద చేతులు రుద్దుకుంటూ, నా వైపు చూడకుండా అంది. "మీరు మొదటిసారి చెప్పారు కదక్కా. అది పాడైపోకూడదనిపించిందండీ."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. నన్ను తిడితే బాగుండేది, అందరి ముందూ నిలదీస్తే బాగుండేది. తిరిగి వస్తున్నంతసేపూ కారులో అందరూ పప్పు గురించే మాట్లాడుకున్నారు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

రెండు నెలల తర్వాత, నాట్లకి ముందు, అత్తగారి కంటి పరీక్షకని ఏలూరు వెళ్ళాం. పని అయ్యాక మావయ్యగారు అందరినీ హోటలుకి తీసుకెళ్ళారు. రెండు బల్లలు జరిపారు. కార్డు వచ్చింది. మావయ్యగారు అలవాటుగా ప్రియ వైపు తోశారు. తను అందుకుని, నా ముందు పెట్టింది.

"ఇవాళ అక్క చెబుతారండీ" అంది.

ఎవరూ కాదనలేదు. మావయ్యగారు కూడా తలూపి, మంచినీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని నా కోసం చూస్తున్నారు. సర్వరు చిన్న పుస్తకం తెరిచి నిలబడ్డాడు.

కార్డు తెరిచాను. బిరియానీ. అది ప్రియ చెప్పేది, వద్దు. రొట్టెలు. అవి నేను తన మీద పంతానికి తిన్నవి, ఎప్పుడూ నచ్చలేదు. భోజనం. ప్రియది. మంచూరియా పేరు చూస్తేనే వికారం. పేజీ తిప్పాను. ఇంకో పేజీ తిప్పాను. ఇన్నేళ్ళూ తను ఏది అంటే అది కాకూడదనుకుంటూ తిన్నాను. ఇవాళ తను ఏమీ అనలేదు. ఏది కాకూడదో కూడా నాకు తెలియడం లేదు.

"కాసేపాగి రమ్మంటారా అండీ?" అన్నాడు సర్వరు.

"అమ్మా, నీకేది ఇష్టమో అది చెప్పెయ్యి" అంది తేజస్వి.

నాకేది ఇష్టమో నాకు తెలియలేదు. ప్రియ తల దించుకుని కూర్చుంది, కావాలనే కార్డు వైపు చూడడం లేదు. పదకొండేళ్ళుగా నా ఎదుట కూర్చుని, ఏ గిన్నె వాసనకి నేను గుటకలు మింగానో చూస్తూనే ఉంది. నాకేం కావాలో తనకి తెలుసు. ఒక్క మాట అడిగితే చెబుతుంది.

అడగడానికి నోరు రాక, కార్డు మళ్ళీ మొదటి పేజీకి తిప్పాను.