పాటిదిబ్బ టీచరమ్మగారు

మా టీచరమ్మగారు పోయారు. ఆ కబురు మొన్న బెజవాడ నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు తెచ్చాడు. నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను. స్టాపు కాకపోయినా బస్సు మా ఇంటి ముందు ఆపించి, దిగి వచ్చి, "మీ పక్కింటి టీచరమ్మగారండీ... రాత్రి ఆసుపత్రిలో పోయారంట. మధ్యాన్నానికి వ్యాన్‌లో తీసుకొస్తున్నారు, చెప్పమన్నారు వాళ్ళ తమ్ముడుగారు" అన్నాడు. బస్సులో వాళ్ళెవరూ ఆలస్యమైందని గొడవ చెయ్యలేదు. సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు ఏడుపు రావడం లేదు, హడావుడి గుర్తొస్తోంది. ఆమె నడవగా నేను చూడలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, ఎక్కడో బస్సు దాటిపోతున్నట్టు పరుగులాంటి నడకతో వెళ్ళేవారు. ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగిలిన రోజులు దిబ్బ.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం గోడ పక్క నుంచి ఆమె గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఇలా రా. నాలిక చాపు." కొత్త కోడల్ని, పెద్దావిడ అడిగారు కదా అని చాపాను. కుండపెంకు ముక్క ఒకటి నాలిక మీద పెట్టి తీశారు. కాస్త పట్టుకున్నట్టయింది. "చూశావా, పట్టుకుంది! పాతది! ఎన్ని తరాల కిందటిదో!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. లోపలి నుంచి మా అత్తయ్యగారు పరుగెత్తుకొచ్చి, "ఏమండీ టీచరమ్మగారూ, వచ్చి వారం కాలేదు, పిల్లకి మన్ను తినిపిస్తున్నారా!" అని లబలబలాడారు. ఆ పరీక్షలో నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాత్రం ఏది దొరికినా ముందు నాలికకు ఆనించి చూసేవారు.

దిబ్బ అంటే మా ఊరికీ కాలవకీ మధ్య ఉన్న పాటిదిబ్బ. ఎప్పుడో అక్కడ ఒక ఊరుండేదట. అది పాడుబడి మన్నులో కలిసిపోయింది. ఆ మన్ను చేలకు మంచి బలం. మినుములు తీసేశాక ఎండాకాలమంతా బళ్ళు కట్టుకుని వెళ్ళి తవ్వి తోలుకోవడం మా వైపు రైతులకు తాతల నాటి నుంచి అలవాటు. ఎవరి తాతనడిగినా వాళ్ళ చిన్నప్పుడు దిబ్బ తాటిచెట్టు ఎత్తున ఉండేదని చెబుతారు. నేను చూసేనాటికి ఇంటి కప్పంత మిగిలింది.

డెబ్భైల మొదట్లో ఒక ఏడు ఎరువు బస్తా దొరకడం గగనమైపోయింది. అందరి చూపూ దిబ్బ మీద పడింది. తెల్లారేసరికి బళ్ళు వరస కట్టేవి. అలా పోతే తొలకరి నాటికి అక్కడ చదును నేల తప్ప ఏమీ మిగలదని ఎవరికైనా అర్థమవుతుంది. టీచరమ్మగారు బెజవాడ వెళ్ళి పురావస్తు శాఖ పెద్దవాళ్ళకు చెప్పి వచ్చారు. వస్తామన్నారట. వాళ్ళు వచ్చేలోగా మా ఊరి చరిత్ర మొత్తం చేలలోకి వెళ్ళిపోయేలా ఉంది.

ఆ బళ్ళలో అందరికంటే ముందుండేది మా మామయ్యగారి బండి. ఆమె సరాసరి మా అరుగు మీదికే వచ్చి కూర్చున్నారు.

"చూడండి టీచరమ్మగారూ, మీరంటే నాకు గౌరవమే. కానీ దిబ్బని చూస్తా కూర్చుంటే వరి పండుద్దాండీ?" అన్నారు మామయ్యగారు.

"పండదండీ. తోలుకోండి. నేను వద్దన్నానా? మన్ను మీది. మన్నులో ఉన్నది ఊరిది. జల్లెడ పట్టి తీసుకెళ్ళండి, అంతే."

"మన్నుకి జల్లెడేంటండీ, మరీనూ!"

"రాళ్ళూ పెంకులూ పోతాయి. మీ చేలోకి మెత్తటి మన్ను పడుతుంది. నష్టమా?"

ఆ మాట అనేసి ఆమె లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే గొడుగు వేసుకుని దిబ్బ దగ్గర ప్రత్యక్షం. చేతిలో మా ఇంటి పిండి జల్లెడ. అది నేనే గోడ మీంచి అందించాను. పూట గడవకుండానే అది చిరిగింది. అత్తయ్యగారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ చిక్కు విడదీసింది కాలవ గట్టున చేపలు పట్టుకునే ముసలాయన. కాసేపు వింత చూసి, "అమ్మగోరూ, జల్లెళ్ళతో మీకెప్పటికి తెమిలిద్దండీ? నా కాడ సన్నకన్ను వల పాతదుంది. వెదుళ్ళకి బిగించి ఏటవాలుగా నిలబెడితే బండికి బండి పోసెయ్యొచ్చు" అన్నాడు. అన్నట్టే తెచ్చి కట్టేశాడు. పార ఎత్తి వల మీద మన్ను విసిరితే మెత్తటిది అవతలికి రాలేది, తక్కినది ఇవతల జారి ఆగేది. చేపల వలతో ఊరిని పట్టడం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో!

ఇక చూడండి. మొదటి రోజే గాజుపూస ఒకటి, ఆకుపచ్చది, ఇప్పుడే దండలోంచి తెగిపడినట్టు మెరుస్తూ దొరికింది. తర్వాత శంఖంతో చేసిన గాజుల ముక్కలు, మూపురం ఉన్న మట్టి ఎద్దు, వేలిగోరంత సీసపు నాణెం. "దొరికిందహో!" అని కేక వినిపిస్తే చాలు, కలుపు తీసేవాళ్ళూ బట్టలుతికేవాళ్ళూ పనులు వదిలేసి పరుగు. బండివాళ్ళలో పంతం మొదలైంది. "నిన్న నీకు పూసేగా, నాకు ఎద్దు దొరికింది చూడు" అని మీసాలు తిప్పుకునేవారు. మా అత్తయ్యగారు సైతం వంట పెందలాడే ముగించి, "ఊరికే చూసొద్దాం పదవే" అని నన్ను లాక్కుపోయేవారు. అంతకుముందు "తిన్నారా" అని పలకరించుకునే ఊరు "ఇవాళేం దొరికింది?" అని పలకరించుకోవడం మొదలెట్టింది. దొరికినవన్నీ బడిలో బిస్కెట్ డబ్బాల్లో దూది పరిచి దాచారామె. ఎవరైనా వెళ్ళి తమది తాము చూసుకుని రావచ్చు.

అయితే దిబ్బ మాత్రం తరుగుతూనే ఉంది. ఆమె వల పక్కన నిలబడి నవ్వుతూనే, తవ్విన వైపు చూసినప్పుడు గొడుగు ముఖానికి అడ్డం దించుకునేవారు. ఒకసారి నాతో మాత్రం అన్నారు, "పూసలు దొరుకుతాయమ్మాయ్, ఇల్లు పోతుంది." గోడలు ఎక్కడున్నాయో తెలియాలంటే మన్ను ఉన్నచోట ఉండాలి కదా అని నాకు అప్పుడు తట్టింది.

ఆ తర్వాతే మామయ్యగారి గడ్డపారకు ఇటుక తగిలింది. మోచేతి పొడుగుంది. ఆయన దాన్ని తిరగేసి, మన్ను దులిపి, అలాగే కూలబడ్డారు. మేమంతా మూగాం. ఇటుక మీద పసిపిల్ల పాదం. అయిదు వేళ్ళూ, మడమా, అంతా తీర్చినట్టు దిగి ఉంది. ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీద ఎవరి పిల్లో పరుగెత్తింది.

టీచరమ్మగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి చూశారు. ఆమె ముఖం నేను మరిచిపోలేను. పకపకా నవ్వారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "వాళ్ళమ్మ వీపు విమానం మోత మోగించి ఉంటుందండీ!" అన్నారు.

ఆ మాటతో ఊరు ఊరంతా నవ్వింది. మరుక్షణం ఎవరో తల్లి తన చంటిదాన్ని దించి ఆ గుర్తులో పాదం పెట్టించింది. ఇంకేముంది, పిల్లల్నెత్తుకుని ఆడవాళ్ళు బారులు తీరారు. ఒకరికి పొట్టి, ఒకరికి పొడుగు. సరిపోయిన పిల్ల తల్లి ఏదో బహుమతి వచ్చినట్టు మురిసిపోయింది. "చాలర్రా, అరిగిపోతుంది!" అని టీచరమ్మగారు గొడుగు అడ్డం పెట్టేదాకా ఆ తిరనాళ్ళ ఆగలేదు.

ఈ సందడిలో మామయ్యగారు లేచి, తన బండి ఖాళీగానే తిప్పారు. "ఈ పక్క ఇంకెవడూ గడ్డపార వెయ్యడానికి వీల్లేదు" అన్నారు. "మరి మీ చేలో పోసుకున్నదో?" అని ఒకాయన ఎత్తిపొడిచాడు. "అందుకే చెప్తన్నాను. నేను తోలినంత ఎవడూ తోలలేదు. ఆ పిల్ల ఇల్లు ఎంత పోయిందో ఏంటో. మిగిలింది ఉంచండి" అన్నారు ఆయన. మర్నాడు తానే తుమ్మకంప తెచ్చి చుట్టూ వేయించారు. దిబ్బలో సగం కంటే తక్కువే మిగిలింది. కానీ మిగిలింది. టీచరమ్మగారు ఆ రోజు మా ఇంటికి వచ్చి, అత్తయ్యగారికి కొత్త జల్లెడ ఇచ్చి వెళ్ళారు.

తర్వాతి పదేళ్ళలో నూతులు తవ్వినా, కాలవ పూడిక తీసినా ఏదో ఒకటి ఆమె ఇంటికి చేరేది. జబ్బుపడి మంచం పట్టాక కూడా, వెళ్ళినవాళ్ళను తన ఒంటి సంగతి అడగనిచ్చేవారు కాదు. బెజవాడ తీసుకెళ్ళేటప్పుడు కారు అద్దం దించి, "కంప ఎండిపోయింది, కొత్తది వెయ్యమని మీ మామయ్యగారితో చెప్పు" అన్నారు. నాకు ఆమె ఇచ్చిన ఆఖరి పని అది. వేశాం.

నిన్న మధ్యాహ్నం ఆమెను సమాధుల తోటకు తీసుకెళ్ళారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు అలాంటి చోటికి వెళ్ళరు. అత్తయ్యగారు అందరికంటే ముందు చెప్పులు వేసుకుని బయల్దేరారు. ప్రార్థన అయ్యాక పెట్టెను దింపి, తలా గుప్పెడు మన్ను వెయ్యమన్నారు పాస్టరుగారు.

మామయ్యగారు ముందు వంగారు. గుప్పెడు తీసుకుని, వెయ్యబోయి ఆగారు. అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ జరిపి చూసి, అప్పుడు వేశారు. ఆయన వెనక వల ముసలాయనా అంతే. అత్తయ్యగారూ అంతే. పక్క ఊరి నుంచి వచ్చిన పాస్టరుగారికి ఆలస్యం ఎందుకో అర్థం కాలేదు. తొందరపెట్టబోయి, మా వైపు చూసి బైబిలు మూసి చంకలో పెట్టుకున్నారు. ఎండ మండుతోంది, వరస కదలడం లేదు. ఊరంతా తలలు వంచి అరచేతుల్లోకి చూసుకుంటూ నిలబడి ఉన్నాం.