యశోద ఆపని మగ్గం

మా పక్కింటి యశోద మొండిది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా వీధంతా ఆ మాటే అంటుంది. నాకైతే ఆ మొండితనమే ఇష్టం.

ఆమె భర్త తిరుపాల్ సముద్రం నడుమ ఒక దీవికి వంటపనికి పోయాడు. ఆ దీవిని ఎక్కడో దూరాన ఉన్న దేశం ఏలుతోంది. పక్కనున్న పెద్ద దేశం అది నాదంటూ యుద్ధానికి దిగి, చుట్టూ ఓడలు అడ్డం పెట్టింది. ఫోన్లు పోయాయి. కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు ఏదో చల్లటి ఊళ్లో కూర్చుని, దీవి ఎవరికి, రేవు ఎవరికి అని బేరాలు మొదలుపెట్టారు. టీవీలో వాళ్ల నవ్వులు చూస్తే నాకు ఒళ్లు మండేది.

తిరుపాల్‌ను వెనక్కి రప్పించమని యశోద కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చింది. తోడు నేనే వెళ్లాను.

"చర్చలు జరుగుతున్నాయమ్మా. అవి ముగిసేదాకా ఎవరినీ వదలరు" అన్నాడు అధికారి.

"ఆ చర్చల్లో మా ఆయన తరపున ఎవురు మాట్లాడతాండారు సార్?" అని అడిగింది యశోద. ఆయన అర్జీ మీద ముద్ర కొట్టి, తర్వాతివాళ్లను పిలిచాడు.

ఇంతలో రేవు మీద బాంబులు పడ్డాయని, తిరుపాల్ పనిచేసే వంటశాల కూలిందని వార్త వచ్చింది. చనిపోయినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చావు జరిగితే మైల తీరేదాకా మావాళ్లు మగ్గం ముట్టరు. యశోద అత్త నాగమణి ఏడుస్తూ మగ్గం ఆపమంది.

"చూసినోళ్లు వచ్చి చెప్పనీ అత్తా. ఇప్పుడు ఆపితే ఆయన్ను నేనే సంపినట్లయితాది" అంది యశోద.

ఆ మగ్గం చప్పుడు వింటూ మేమూ తిరుపాల్ బతికే ఉన్నాడనుకున్నాం. అనుకోవాలనిపించింది.

చివరికి సంధి కుదిరింది. దీవి పెద్ద దేశానికి పోయింది. పరాయి పనివాళ్లను ఓడెక్కించి పంపేశారు. తిరుపాల్‌తో కలిసి వంటచేసిన మంజునాథ్ హిందూపురంలోని తన ఇంటికి కూడా పోకుండా నేరుగా మా వీధికి వచ్చాడు. యశోద గుమ్మంలో ఒక్కడే నిలబడ్డాడు.

యశోద తల ఎత్తలేదు. "కూచో మంజునాథా. ఈ కండెలో దారం అయిపోనీ."

అతను కూర్చున్నాడు. దారం మిగిలినంతసేపు ఆమె నెమ్మదిగా, ఎన్నడూ లేనంత నెమ్మదిగా నేసింది. తర్వాత మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసింది. నాకు ఏడుపు ఆగలేదు.

"యాడ మట్టి చేసినారు?"

"ఆడనే అక్కా, రేవు పక్కన. నేనే గుంత తవ్వినా."

"పేరు రాసినారా?"

"అప్పుడు రాయనీలేదక్కా. ఆ నేల ఎవురిదో తేలేదాకా ఆడ ఏ పేరూ రాయగూడదన్నారు."